లెపర్డ్ గెకో మేత – 3వ పాఠం: పురుగు కడుపు నింపడం, పొడి పట్టించడం

దుకాణం నుంచి తెచ్చిన కీచురాళ్ళను ఆ సాయంత్రమే మీ పెంపుడు బల్లి లెపర్డ్ గెకో ముందు వదిలేస్తున్నారా? ఈ పాఠమంతా ఆ ఒక్క అలవాటు మాన్పించడానికే. అట్టపెట్టెలో ఆకలితో మాడి వచ్చిన కీచురాయి దాదాపు డొల్ల. దాన్ని తిన్న గెకోకి కడుపు నిండుతుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ.

లెపర్డ్ గెకో సొంత నేల అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాళ్ళూ పొదలూ ఉన్న పొడి ప్రాంతాలు. అక్కడ పెంకు పురుగు, సాలీడు, మిడత, ఏది దొరికితే అది తింటుంది. ఒక్కో పురుగూ ఒక్కో ఆకు తిని ఉంటుంది. అద్దాల పెట్టెలో మనం ఇచ్చేది రెండు మూడు రకాలే కాబట్టి ఆ లోటును మనమే పూడ్చాలి. (తూర్పు కనుమల్లో దీని దగ్గరి చుట్టం, హార్డ్‌విక్ గెకో, ఉంది. దాన్ని పట్టుకొచ్చి పెంచాలని మాత్రం అనుకోకండి. అది అడవి ప్రాణి, అడవిలోనే ఉండాలి.)

అసలు చిక్కు కాల్షియంతో. గెకో మేతలో భాస్వరం ఒక వంతు ఉంటే కాల్షియం సుమారు రెండు వంతులు ఉండాలి. కీచురాళ్ళలో, మీల్‌వార్మ్‌లలో (ఒక రకం పెంకు పురుగు లార్వాలు) లెక్క తలకిందులు: భాస్వరమే కాల్షియానికి ఎన్నో రెట్లు. మనం పెట్టే పురుగుల్లో సహజంగానే కాల్షియం దండిగా ఉండేవి బ్లాక్ సోల్జర్ ఈగ లార్వాలు. మిగతా వాటికి లోపలి నుంచీ, పైనుంచీ సాయం చేయాల్సిందే.

ముందు లోపలి పని. గెకోకి పెట్టడానికి 24 నుంచి 48 గంటల ముందు పురుగులకు మంచి తిండి వేయండి. గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో కోడిగుడ్ల అట్ట ఒకటి నిలబెట్టి, కీచురాళ్ళను అందులోకి వదలండి. తురిమిన క్యారెట్, చిలగడదుంప ముక్క, ఆవ ఆకు వేయండి. కాల్షియం ఎక్కువ కలిపి పురుగుల కోసమే అమ్మే గట్‌లోడ్ పొడి పక్కన పెడితే ఇంకా మంచిది. అయితే ఆ పొడి ఈ రెండు రోజులకే. వారాల తరబడి అదే మేతగా వేస్తే కీచురాళ్ళు చచ్చిపోతాయి. గిన్నెలో నీళ్ళు పెట్టకండి, మునిగిపోతాయి. క్యారెట్‌లోని తడి వాటికి చాలు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: వంటకు తెచ్చిన పాలకూర, తోటకూర కట్టల్లోంచి రెండు కాడలు తుంచి పురుగులకు వేయడం. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. మనకు మంచిదైన కూర ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

ఇక పైపూత. ఒక లోతైన గ్లాసులో చిటికెడు కాల్షియం పొడి వేయండి. అందులో భాస్వరం లేదని డబ్బా మీద చూసుకోండి. ఆ పూటకు పెట్టే ఐదారు పురుగులను వేసి, గ్లాసును రెండు మూడు సార్లు గుండ్రంగా తిప్పండి. ముఖానికి పౌడరు రాసినంత పలచగా పడితే చాలు. బజ్జీకి పిండి పట్టించినట్టు మందంగా ఉంటే గెకో వాసన చూసి వెనక్కి తిరుగుతుంది. పొడి పట్టించిన వెంటనే వదలండి. కీచురాయి కాళ్ళతో ఒళ్ళు తుడుచుకుంటూ కాసేపట్లోనే పొడినంతా రాల్చేస్తుంది. మీల్‌వార్మ్ పెంకు నున్నన, పొడి నిలవదు. అందుకే వాటిని నిటారు అంచులున్న చిన్న గిన్నెలో, అడుగున కాస్త పొడి చల్లి పెట్టండి.

ఎదిగే పిల్లకు ప్రతి పూటా కాల్షియం పట్టించాలి. పెద్దదానికి వారంలో పెట్టే రెండు మూడు పూటల్లో ఎక్కువ పూటలు ఉండాలి. పెట్టెలో యూవీబీ దీపం (ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చేది) లేకపోతే వారానికి ఒకటి రెండు పూటలు, కాల్షియం ఒంటికి పట్టేలా చేసే విటమిన్ డి3 కలిసిన కాల్షియం వాడండి. దీపం ఉంటే డి3 బాగా తగ్గించండి. మల్టీవిటమిన్ పొడి వారానికోసారి, కాల్షియం వేయని పూట వేయండి. డి3 ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం ప్రమాదం. మోతాదు మించితే కాల్షియం మూత్రపిండాల్లాంటి మెత్తటి అవయవాల్లో పేరుకుంటుంది. డి3 లేని ఉత్త కాల్షియం మాత్రం చిన్న మూతలో పోసి పెట్టెలో ఎప్పుడూ ఉంచవచ్చు. కావాలనిపించినప్పుడు గెకోనే వచ్చి నాకుతుంది.

కాల్షియం లోటు ఎక్కడ బయటపడుతుంది? ముందుగా వేటలో. గెకో పురుగు మీదికి దూకి గురి తప్పుతుంది, పట్టినా నమలలేక వదిలేస్తుంది. ఆ తర్వాత వేళ్ళు వణుకుతాయి, నడిచేటప్పుడు పొట్ట నేలకు ఈడ్చుకుంటుంది, దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంగుతాయి. వణుకు కనిపించిన రోజే సరీసృపాలు తెలిసిన పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. ఇంట్లో పొడి పెంచి చూద్దామని ఆగితే వంగిన ఎముక మళ్ళీ తిన్నగా కాదు.

ఈ వారం అభ్యాసం: పొడి డబ్బాల మీద తెరిచిన తేదీ రాయండి. తెరిచి ఆరు నెలలు దాటిన విటమిన్ పొడి పారేయండి, సత్తువ తగ్గిపోయి ఉంటుంది. క్యాలెండర్‌లో కాల్షియం పూటకు ‘కా’, డి3 పూటకు ‘డి’, మల్టీవిటమిన్‌కు ‘మ’ గుర్తు పెట్టండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద గెకోని తూచి, ఆ గ్రాముల అంకె కూడా పక్కనే రాసుకోండి. 4వ పాఠంలో తోక లావుతో పోల్చి చూడటానికి ఆ అంకె కావాలి.