బెత్తెడు, జానెడు, బారెడు: ఇంట్లో రేడియో నాటిక రికార్డు చేసే పద్ధతి

పది నిమిషాల నాటిక, ముగ్గురు పాత్రధారులు, ఒక మైకు, ఒక పడగ్గది. మొదలుపెట్టడానికి ఇవి చాలు. మైకు కొనేముందు గది సంగతి చూడండి. ఖరీదైన మైకు తెచ్చి గ్రానైట్ పరిచిన ఖాళీ హాల్లో పెడితే బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. పరుపు, తెరిచిన బట్టల బీరువా ఉన్న గదిలో మామూలు ఫోనుతో రికార్డు చేసినా వినబుద్ధవుతుంది.

గది

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు వెనకాల "ట్ర్‌ర్" అని సన్నటి తోక వినిపిస్తే, ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటోందన్నమాట. దాన్ని పీల్చడానికి బొంతలు, రజాయిలు, పాత దుప్పట్లు నాలుగు మడతలు వేసి వేలాడదీయాలి. ఎక్కడ వేలాడదీయాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. మైకు వెనక కడతారు, కానీ కట్టాల్సింది మాట్లాడే మనిషి వెనక. ఎక్కువ మైకులు ముందువైపే బాగా వింటాయి. వాటికి ఎదురుగా ఉన్నది మీరూ, మీ వెనక గోడా.

బొంతని గోడకి ఆనించి కట్టకండి. గాలి కదలికని రాపిడితో అరగదీయడమే బొంత చేసే పని. గోడని ఆనుకుని ఉన్న గాలి కదలదు కాబట్టి అక్కడ దానికి పనే ఉండదు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 1000 హెర్ట్జ్ తరంగం పొడవు 34 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు దూరంలో, అంటే గోడకి 8.5 సెంటీమీటర్ల ఎడంలో, గాలి బాగా కదులుతుంది. అందుకే బెత్తెడు సందు వదలాలి. 100 హెర్ట్జ్ దగ్గరి గుయ్యిమనే మోతకి ఇదే లెక్క 85 సెంటీమీటర్లు అవుతుంది. అది బొంతతో అయ్యే పని కాదు. ఆ మోత గది మూలల్లో మరీ ఎక్కువ కాబట్టి మూల నిలబడి మాట్లాడకుండా ఉంటే సరిపోతుంది.

కోడిగుడ్ల అట్టలు గోడకి అంటించే శ్రమ పెట్టుకోవద్దు. లోపలి ప్రతిధ్వనిని అవి పీల్చేది స్వల్పం, బయటి హారన్లని ఆపేది శూన్యం. బొంతలు కూడా బయటి చప్పుడుని ఆపవు. దానికి మందు వేళ ఎంచుకోవడమే. మధ్యాహ్నం రెండు దాటాక కుక్కర్ల కూతలు సద్దుమణుగుతాయి, రాత్రి పదకొండు దాటాక వీధి నిద్రపోతుంది. ఫ్యాను, ఏసీ కట్టేయాలి. ఫ్రిజ్ కూడా కట్టేసి, కారు తాళాలు అందులో పెట్టండి. వెళ్లేటప్పుడు తాళాల కోసం తెరిచినప్పుడు మళ్లీ వేయడం గుర్తొస్తుంది.

ఎవరూ మాట్లాడకముందు ఖాళీ గదిని 30 సెకన్లు రికార్డు చేసి పెట్టుకోండి. ఎడిటింగులో దాని విలువ తెలుస్తుంది.

మైకు

కండెన్సర్ మైకుకి 48 వోల్టుల కరెంటు అందించే ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటరుకి కలిపే పెట్టె) కావాలి, యూఎస్‌బీ రకాలకైతే అక్కర్లేదు. కండెన్సర్ సున్నితం, పక్కింటి టీవీని కూడా వింటుంది. గది అంతంతమాత్రమైతే అంత సున్నితం కాని డైనమిక్ మైకు మేలు. కాలర్‌కి తగిలించే చిన్న మైకు నాటికకి పనికిరాదు. ఎందుకో కింద చెప్పే దూరాల లెక్క చదివితే అర్థమవుతుంది.

ఫోనే వాడుతుంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేసే యాప్ ఎంచుకోండి. అందులో ఆటోమేటిక్ గెయిన్ (గెయిన్ అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదు), నాయిస్ సప్రెషన్ (వెనక రొదని అణిచేది) రెండూ ఆపేయాలి. గెయిన్ తనంతట తాను పెరిగితే, దూరం నుంచి పిలిచిన పాత్రని అది పైకి లాగి ఒళ్లో కూర్చోబెడుతుంది. అక్కడితో నాటకం పోయినట్టే.

సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, మోనో. నిమిషానికి 8.64 మెగాబైట్లు అవుతుంది, పది నిమిషాలకి 87 లోపు. రికార్డింగు మీటరు మీద సున్నాయే పైహద్దు. మామూలు సంభాషణ శిఖరాలు (శబ్దం ఎగసిన చోట్లు) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, కేక కూడా మైనస్ 6 దాటకూడదు. సున్నాకి తగిలి చిరిగిన గొంతుని ఏ సాఫ్ట్‌వేరూ కుట్టలేదు.

దూరం

రేడియో నాటికలో పాత్ర ఎక్కడుందో చెప్పేది మైకుకీ నోటికీ మధ్య దూరం. మనకి చేతిలోనే కొలతలున్నాయి. బెత్తెడు అంటే ఏడెనిమిది సెంటీమీటర్లు. జాన సుమారు 22, మూర 45, బార 180.

జానెడు దూరం సంభాషణకి. ఇద్దరు మనుషులు ఒకే గదిలో మాట్లాడుకుంటున్నట్టు వినిపించేది ఇక్కడే. బెత్తెడు దూరం స్వగతానికి, చెవిలో రహస్యానికి. మైకుకి అంత దగ్గరైతే గొంతులో మంద్రం పెరిగి బరువెక్కుతుంది. మనసులో మాటకి ఆ బరువు అందం. సంభాషణలో ఒకరు బెత్తెడులో, ఒకరు జానెడులో నిలబడితే మాత్రం వాళ్లు రెండు వేరువేరు ఇళ్లలో ఉన్నట్టుంటుంది. మూర దూరం గట్టిగా మాట్లాడడానికి, తగాదాకి. బార దూరం వీధి అరుగు మీంచి పిలిచే పిలుపుకి, పక్క గదిలోంచి వచ్చే జవాబుకి.

దగ్గరగా రికార్డు చేసి తర్వాత శబ్దం తగ్గిస్తే సరిపోదా అంటే సరిపోదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి సూటిగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. జానెడు నుంచి బారెడుకి వెళ్తే 18 పోతుంది. గోడలకి తగిలి వచ్చే శబ్దం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఆ రెంటి నిష్పత్తిని బట్టే చెవి దూరం కొలుస్తుంది. ఒట్టి వాల్యూమ్ తగ్గిస్తే ఆ నిష్పత్తి మారదు. వినేవాడికి దూరంగా ఉన్న మనిషి కనిపించడు, నీరసపడ్డ మనిషి కనిపిస్తాడు.

నేల మీద నాలుగు చోట్ల టేపు అంటించి గుర్తులు పెట్టండి. పాత్ర లోపలికి వస్తూ మాట్లాడాలంటే, బార గుర్తు దగ్గర మొహం గోడవైపు తిప్పి మొదటి మాట అని, నడుస్తూ మైకువైపు తిరిగి, చివరి మాటకి జాన గుర్తు చేరాలి. చెప్పులు విప్పి నడవండి, అడుగుల చప్పుడు విడిగా చేర్చుకోవచ్చు. కేక వేయాల్సి వస్తే గెయిన్ ముట్టుకోకుండా మనిషే మూర గుర్తుకి వెనక్కి వెళ్లాలి. నిజ జీవితంలోనూ ఎవరూ పక్కనున్నవాడి చెవిలో కేక వేయరు కదా.

గొంతు, ప్రతి

అరచేయి నోటి ముందు పెట్టి "పప్పు" అనండి, తర్వాత "భయం" అనండి. చేతికి తగిలే ఆ గాలే మైకులో "ధబ్" అని పడుతుంది. తెలుగులో ఖ, ఘ, ధ, ఫ, భ లాంటి ఒత్తక్షరాలని సరిగ్గా పలికేవాళ్లకే ఈ బెడద ఎక్కువ! పలుకు మార్చకండి, మైకుని పక్కకి జరపండి. నోటికి సూటిగా కాకుండా 30 నుంచి 45 డిగ్రీల పక్కన ఉంచితే గాలి మైకుని దాటిపోతుంది, గొంతు మాత్రం అందుతుంది. కుట్లు కుట్టే ఎంబ్రాయిడరీ ఫ్రేముకి పాత నైలాన్ మేజోడు బిగించి మైకు ముందు బెత్తెడులో నిలబెడితే పాప్ ఫిల్టర్ సిద్ధం. శ, ష, స కోసుకుపోతుంటే మైకుని కాస్త గడ్డం వైపు దించండి.

నోరు ఎండితే నాలుక చిటచిటమంటుంది. ఈ చప్పుళ్లు చెవికంటే హెడ్‌ఫోన్‌కి ముందు దొరుకుతాయి. పక్కన మామూలు నీళ్లు ఉంచుకుని పేజీకోసారి గుక్కెడు తాగాలి. పుల్లటి యాపిల్ ముక్క కూడా పనిచేస్తుంది. రికార్డింగుకి ముందు గడ్డ పెరుగు, కాఫీ వద్దు.

నాటిక ప్రతిని ఒకవైపే అచ్చు వేయించి, పిన్ను కొట్టకుండా, డైలాగు పేజీ చివర విరగకుండా చూసుకోండి. తిప్పిన కాయితం తుఫానులా వినిపిస్తుంది. అయిపోయిన పేజీని మంచం మీదికి జారవిడవడమే పద్ధతి. రాసేటప్పుడే ఒక్కో సన్నివేశానికి మూడు గొంతులు మించకుండా, మొదటి రెండు మాటల్లో పేర్లో వరసలో వినపడేలా చూడాలి. "ఏరా సూరిగా" అని పిలిస్తే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తేలిపోతుంది. "అదిగో ఎర్ర చీర కట్టుకుని ఆవిడ తలుపు తీసుకుని వస్తోంది" లాంటి డైలాగు ఎవరి నోటా పలకదు. కొట్టేయండి.

చప్పుళ్లు

చప్పుళ్లని విడిగా సృష్టించి చేర్చే పనిని సినిమా వాళ్లు ఫోలీ అంటారు. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరే ఆ పనికి నిలిచిపోయింది. వంటింట్లో ఉన్న సామానుతో చాలావరకు గడిచిపోతుంది.

వానతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే అందరూ తప్పేది అక్కడే. నిజమైన వానని రికార్డు చేస్తే స్టేషను దొరకని రేడియో గోలలా ఉంటుంది. హోరు ఒక్కటే వింటే అది వానని చెవికి తెలియదు. విడివిడి చినుకులు వినిపించాలి. వెదురు చేటని వాల్చి పట్టుకుని, గుప్పెట్లోంచి బియ్యం సన్నగా జారవిడుస్తూ మూర దూరంలో రికార్డు చేయండి. ఇది హోరు. విడిగా, స్టీలు గిన్నె మీద గుడ్డ పరిచి, స్పూనుతో ఒక్కో చుక్క నీళ్లు వదలండి. ఇది చూరు నీళ్లు. రెండూ కలిపితే పెంకుటిల్లు తడుస్తుంది. బియ్యాన్ని స్టీలు పళ్లెంలో పోస్తే మాత్రం వాన రాదు, వంట వస్తుంది.

అదే చేటలో రాగులు పోసి అటూ ఇటూ నిదానంగా వాలిస్తే సముద్రం. ఒక్కో కెరటానికి ఆరేడు సెకన్లు పట్టాలి. తొందరపడితే జల్లెడ పట్టినట్టుంటుంది. పాత ఎక్స్‌రే ఫిల్ము అంచు పట్టుకుని ఊపితే ఉరుము, తర్వాత దాని వేగాన్ని సగానికి తగ్గిస్తే దూరపు ఉరుము. బిస్కెట్ ప్యాకెట్టు కాయితాన్ని మైకుకి బెత్తెడులో మెల్లగా నలిపితే మంట, మధ్యమధ్యలో ఎండు పుల్ల విరవాలి. గుర్రానికి కొబ్బరి చిప్పలు సరే, వాటిని ట్రేలో పోసిన ఇసుక మీద కొట్టండి. టైల్సు మీద కొడితే బొమ్మ గుర్రం. పక్షి ఎగిరినట్టు రావాలంటే గొడుగుని సగం తెరిచి మూస్తూ ఉండాలి. ఎముక విరగాలంటే తడిగుడ్డలో చుట్టిన క్యారెట్. తలుపుకి, తాళానికి, మంచినీళ్లకి మాత్రం నకిలీలు వెతక్కండి. తలుపుకి తలుపే దిక్కు.

చప్పుడు ఎప్పుడూ డైలాగుకి ముందు రావాలి, మీద పడకూడదు. అడుగులు, తలుపు, ఆ తర్వాత మాట. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నాటకాలు విన్న చెవులకి ఈ వరస కొత్తగా చెప్పక్కర్లేదు.

కూర్పు

ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేరు చాలు. ముందు 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై పాస్ ఫిల్టరుతో కోసేయండి. గొంతుకి దానితో పని లేదు, గదిలోని అదురు మాత్రం పోతుంది. నాయిస్ రిడక్షన్‌కి ఖాళీ గది ముక్కనే నమూనాగా చూపించి, 6 నుంచి 9 డెసిబెల్స్ దగ్గర ఆగండి. 20 పెడితే గొంతు నీళ్లలో మునిగినట్టు గుడగుడలాడుతుంది.

డైలాగుల మధ్య ఊపిరిని, విరామాన్ని కత్తిరించినప్పుడు ఆ ఖాళీలో పూర్తి నిశ్శబ్దం వదలొద్దు. ప్రతి ఖాళీలో గది హఠాత్తుగా చచ్చిపోయినట్టు తెలుస్తుంది. అక్కడ ఆ 30 సెకన్ల ఖాళీ గదిని ముక్కలుగా పరచాలి. ఊపిరులన్నీ తీసేయకండి. భయపడ్డ పాత్ర ఊపిరి కూడా డైలాగే.

ఫోనులో గొంతు కావాలంటే 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ఉంచండి, పాత టెలిఫోను లైన్లు మోసింది అంతే. కథలో రేడియో మోగాలంటే పైహద్దు 4500 వరకు పెంచొచ్చు. గట్టి, మెల్లని శబ్దాల తేడాని తగ్గించే కంప్రెసరు 2:1 లేదా 3:1 చాలు. ఎక్కువ పెడితే జానెడూ బారెడూ ఒకటైపోతాయి, పడ్డ శ్రమంతా వృథా.

సంగీతం సన్నివేశాల మధ్యే వాడండి. మాటల కింద పెట్టక తప్పకపోతే గొంతుకంటే 18 నుంచి 20 డెసిబెల్స్ తక్కువలో, పాట లేని వాద్యం మాత్రమే. సాహిత్యం ఉన్న పాట డైలాగుతో పోట్లాడుతుంది. ఇక హక్కుల సంగతి. త్యాగరాజ కీర్తన మీద ఎవరికీ కాపీరైటు లేదు, కానీ దాన్ని పాడిన క్యాసెట్టు మీద ఉండొచ్చు. మన దేశంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. తెలిసినవాళ్లచేత నాలుగు స్వరాలు వీణ మీదో వేణువు మీదో వాయించుకోవడం అన్నిటికంటే హాయి.

చివరికి మొత్తం శబ్దాన్ని (చెవికి తోచే సగటు గట్టిదనం కొలతలో) మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి, శిఖరాన్ని మైనస్ 1 డెసిబెల్‌కి సరిచేసి ఎంపీత్రీ తీయండి. హెడ్‌ఫోన్‌లో బాగున్నంత మాత్రాన పంపేయొద్దు. ఫోను స్పీకర్లో పెట్టి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, కూర తాలింపు పెడుతూ వినండి. బార గుర్తు దగ్గర పలికిన మాట అక్కడ అర్థం కాకపోతే ఆ ఒక్క డైలాగుని మూర గుర్తుకి తెచ్చి, అదే రోజు, అదే గదిలో, బొంతలు విప్పకముందే మళ్లీ చెప్పించాలి.