మైనర్ నైన్త్‌కి ఐదు వేళ్ళు అక్కర్లేదు

ముందు చిన్న తమాషా. మామూలు ట్యూనింగ్‌లో ఉన్న గిటార్ తీసుకుని, 1వ స్ట్రింగ్‌ని, అంటే అన్నిటికన్నా సన్నదాన్ని, 2వ ఫ్రెట్‌లో (మెడ మీది లోహపు కమ్మీల మధ్య గడిలో) ఒక్క వేలితో నొక్కి ఆరు స్ట్రింగులూ మీటండి. మోగే స్వరాలు ఇ, ఎ, డి, జి, బి, ఎఫ్ షార్ప్. ఇది ఇ మైనర్ లెవెన్త్ అనే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు), ఒక్క స్వరం కూడా తగ్గకుండా. ఇది తెలియక నేను కార్డుల చార్టు ముందు పెట్టుకుని చాలాకాలం వేళ్ళు విరుచుకున్నాను.

నైన్త్ కార్డ్‌లో ఐదు స్వరాలున్నాయంటే ఐదూ పలికించాల్సిందే అనుకునేవాణ్ణి. నొక్కడానికి ఉన్నవేమో నాలుగు వేళ్ళాయె. పంచమం తీసి పక్కన పెట్టండి, చెవికి పెద్దగా తేడా తెలియదు. వదలకూడనివి సాధారణ గాంధారం, కైశికి నిషాదం. బేస్ గిటార్ వాయించేవాళ్ళు పక్కనుంటే షడ్జమం కూడా వాళ్ళకే వదిలేస్తాను. పైన చేర్చేవాటిలో నైన్త్ (షడ్జమం ఒకటిగా లెక్కపెడితే తొమ్మిదో స్వరం) అంటే చతుశ్రుతి రిషభం, లెవెన్త్ శుద్ధ మధ్యమం, థర్టీన్త్ చతుశ్రుతి ధైవతం. అన్నీ కలిపి పేరిస్తే ఖరహరప్రియ రాగం!

డి మైనర్ నైన్త్‌తో మొదలుపెట్టండి. 5వ స్ట్రింగ్ 5వ ఫ్రెట్‌లో మధ్యవేలు, 4వ స్ట్రింగ్ 3లో చూపుడువేలు, 3వ స్ట్రింగ్ 5లో ఉంగరపువేలు, 2వ స్ట్రింగ్ 5లో చిటికెనవేలు. 6వ స్ట్రింగ్ మోగకుండా మధ్యవేలి కొస, 1వది మోగకుండా చిటికెనవేలి లోపలివైపు తాకీతాకనట్టు ఉండాలి. అసలు తిప్పలు ఇక్కడే. ఒక్కో స్ట్రింగ్ విడిగా మీటి చూసుకోండి. నాకు 3వది రోజుల తరబడి 'టక్' మనేది తప్ప మోగేది కాదు. చూస్తే ఉంగరపువేలు చిటికెనవేలి మీదికి వాలిపోతోంది. బొటనవేలిని మెడ వెనక మధ్యదాకా దించాక దారికొచ్చింది.

ఇందులో ఎఫ్, ఇ రెండూ ఉన్నాయి. ఒక్క ఫ్రెట్ తేడా స్వరాలు. పక్కపక్కన పెడితే గీరుకుంటాయి. ఇక్కడ ఇ పై స్థాయిలో ఉంది కాబట్టే ఆ తీపి. ఇదే ఆకారాన్ని రెండు ఫ్రెట్లు గిటార్ తలవైపు జరిపితే సి మైనర్ నైన్త్.

లెవెన్త్‌కి 6వ స్ట్రింగ్ ఆధారం. ఎ మైనర్ లెవెన్త్: 6, 4, 3 స్ట్రింగులు 5వ ఫ్రెట్‌లో వరసగా మధ్య, ఉంగరపు, చిటికెన వేళ్ళతో, 2వ స్ట్రింగ్ 3వ ఫ్రెట్‌లో చూపుడువేలితో. 5వది, 1వది మోగకూడదు. 2వ స్ట్రింగ్‌లో 3కి బదులు 7 నొక్కితే మైనర్ థర్టీన్త్ అవుతుంది. వేళ్ళు మార్చుకోక తప్పదు, నేనైతే అరుదుగా వాడతాను.

కార్డ్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే విసుగొస్తుంది. డి మైనర్ నైన్త్ నుంచి జి థర్టీన్త్‌కి వెళ్ళి రండి: 6వ స్ట్రింగ్ 3, 4వది 3, 3వది 4, 2వది 5. చిటికెనవేలు కదలదు. ఎఫ్, ఇ అలాగే మోగుతుంటాయి. అడుగున ఉన్న బేస్ స్వరం మారుతుంది, మధ్యలో సి ఒక్కటి బికి దిగుతుంది. బాగా నెమ్మదిగా వాయిస్తూ ఆ ఒక్క మెట్టు మీదే చెవి పెట్టండి.