ఐబీఎస్ ఉన్నా హోటల్లో ధీమాగా తినాలంటే

ఐబీఎస్ అంటే తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో పెట్టే పేగు సమస్య. హోటల్ కూరల్లో ఐబీఎస్‌కి కారం ఒక్కటే శత్రువు కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా. వాటిలోని ఫ్రక్టాన్లు (పేగులో సరిగా అరగక గ్యాస్ పుట్టించే ఒక రకం పిండిపదార్థాలు) నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే గ్రేవీలోంచి ముక్కలు ఏరి పక్కన పెట్టినా లాభం లేదు, అసలు సరుకు ఎప్పుడో రసంలోకి దిగిపోయి ఉంటుంది. బిర్యానీలోనూ అంతే. అల్లం వెల్లుల్లి ముద్ద ముక్కకి ముందే పట్టించేస్తారు.

"ఉల్లి తక్కువ వెయ్యండి" అంటే వంట మాస్టర్ పట్టించుకోడు. "జైన్ స్టైల్లో చేస్తారా?" అని అడగండి, అంటే ఉల్లి, వెల్లుల్లి లేకుండా అని, చాలాచోట్ల విషయం వెంటనే అర్థమవుతుంది. కాకపోతే ఆ కూరల్లో చిక్కదనానికి జీడిపప్పు ముద్ద, క్రీమ్ దట్టిస్తుంటారు. అవీ వద్దనండి.

టిఫిన్‌కి రెండిడ్లీ, కాస్త కొబ్బరి చట్నీ చాలు. సాంబారు జోలికి పోవద్దు, కందిపప్పు, ఉల్లి రెండూ అందులోనే. భోజనానికైతే వేడన్నం, కొంచెం నెయ్యి, వెల్లుల్లి వెయ్యని బంగాళాదుంప వేపుడు. పెరుగన్నంలో పాలు కలిపారేమో కనుక్కోండి, లాక్టోజ్ (పాలలోని చక్కెర) పడనివాళ్లకి దెబ్బ అక్కడే.

ఒకేసారి కడుపు నిండా తింటే పెద్దపేగు కదలిక పెరుగుతుంది. కాబట్టి పెళ్లి భోజనానికి నకనకలాడుతూ వెళ్లకండి, గంట ముందు మరీ మగ్గని అరటిపండు ఒకటి తినండి. సోడా, చివర్లో ఫిల్టర్ కాఫీ మానేయడం మేలు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ముందు డాక్టర్ని కలవండి.