‘క్రౌడ్’కు స్పానిష్ మాట వెతికిన విధం: నా అనుభవం

తిరుపతిలో మా బంధువులు నడిపే బసకు వచ్చే స్పానిష్ యాత్రికుల కోసం ఒక సూచనల పత్రాన్ని ఇంగ్లీషు నుంచి అనువదిస్తుండగా, ‘క్రౌడ్’ అన్న ఒక్క మాట దగ్గర పని ఆగిపోయింది. నిఘంటువు ముందుగా చూపే ‘ముల్తితుద్’ను అన్నిచోట్లా పెడితే వాక్యాలు తప్పు కావు గాని, జాగ్రత్త చెప్పవలసిన చోట వర్ణన చేసినట్లుంటుంది.

దీనికి దారి చూపింది తెలుగే. ప్రతి వాక్యాన్నీ ముందు తెలుగులో చెప్పుకొని చూశాను. బ్రహ్మోత్సవాలలో గరుడ సేవ నాడు తిరుమల మాడ వీధుల్లో నిండే జనసందోహానికి ‘ముల్తితుద్’ చక్కగా అమరింది. ఆ వెంటనే, వయసు పైబడినవారు రద్దీకి దూరంగా ఉండాలని చెప్పే చోట మాత్రం ‘అగ్లోమెరాసియోన్’ కావలసి వచ్చింది, ఎందుకంటే మనుషులు ఒకరినొకరు ఒత్తుకునే ఇరుకును సూచిస్తూ స్పానిష్ హెచ్చరికల్లో తరచు కనిపించే మాట అదే. ‘హెంతియో’ వాడుక భాషకు, ‘ముచెదుంబ్రే’ కొంత గ్రాంథిక ధోరణికి చెందుతాయి. ‘తుర్బా’ను పూర్తిగా తీసేశాను, అది అల్లరిమూకను తలపిస్తుంది, భక్తులకు ఆ మాట అంటగట్టడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

మే నెలలో జరిగే గంగమ్మ జాతర వాక్యంలో ‘రోమెరియా’ వైపు మనసు మొగ్గింది. అయితే అది ఊరి వెలుపలి ప్రార్థనా మందిరానికి కలిసి తరలివెళ్లే క్రైస్తవ యాత్రకు స్థిరపడిన పేరు కనుక, ‘జాతర’నే ఉంచి పక్కన చిన్న వివరణ రాశాను.

ఇక వ్యాకరణం సంగతి. ‘ముల్తితుద్’ స్త్రీలింగ ఏకవచనం, ఒంటరిగా వస్తే క్రియ కూడా ఏకవచనంలోనే ఉండాలి. దాని వెంట ‘దె’తో (ఇంగ్లీషు ‘ఆఫ్’ వంటి మాట) బహువచన నామం చేరితే క్రియను బహువచనంలోనూ రాయవచ్చు.