వేసవి సెలవుల్లోనే బోనాల పని: కాలనీలో తొట్టెల, బోనం కుండ, డప్పు నేర్పించే పద్ధతి

బోనాల కోసం పిల్లలతో చేయించే వస్తువు ఏదైనా చివరికి వీధిలోకి రావాల్సిందే. ఆషాఢంలో వాన పడుతుంది, గాలి కొడుతుంది, గుడి దగ్గర జనం తోసుకుంటారు. హాల్లో ఫొటోకు అందంగా నిలబడ్డ తొట్టెల (వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి అమ్మవారికి సమర్పించే గోపురం) సందు మలుపు తిరిగేసరికి చేతిలో విరిగిపోతే ఆ పిల్లల మొహం చూడలేం. అందుకే సామాను కొనేటప్పుడు, కొలతలు వేసేటప్పుడు ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఇది వానలో, జనంలో, మోసుకెళ్ళడానికి పనికొస్తుందా?

ముందు తేదీ చూసుకోండి. బోనాలు గోల్కొండ కోటలోని జగదాంబిక అమ్మవారి దగ్గర మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్ దర్వాజా సింహవాహిని గుడి దాకా ఆదివారం తర్వాత ఆదివారం నడుస్తాయి. మీ బస్తీ గుడిలో ఏ ఆదివారమో కమిటీని అడిగి, అక్కడి నుంచి ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. అధిక మాసం వచ్చిన ఏడాది మాత్రం పంచాంగం చూడకుండా ఏదీ ఖాయం చేయొద్దు. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల ఆషాఢం జూలై మధ్యలో గానీ మొదలవ్వదు. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి వెదురు పని సెలవుల్లోనే ముగించాలి. కాగితం అంటించడం ఆఖరి పది రోజులకు, కుండకు పసుపు పూయడం ముందురోజు సాయంత్రానికి ఉంచాలి. ఈ వరుస తప్పితే కాగితం వెలుస్తుంది, పసుపు ఎండకు పాలిపోతుంది, మైదా జిగురును పురుగు తింటుంది.

మే నెలలో పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర, లేదంటే సాయంత్రం ఐదు తర్వాత. ఒక్కో విడత గంటన్నర చాలు. ఇరవై నాలుగు మంది పిల్లలుంటే నలుగురేసి ఆరు జట్లు చేసి, జట్టుకో తొట్టెల ఇవ్వండి. ఒక్కొక్కరికి ఒకటి ఇస్తే ఒక్కటీ పూర్తికాదు.

తొట్టెల

వెదురు చీల్చే పని పిల్లలది కాదు. మేదరి పనివాళ్ళను పిలిపించండి, వాళ్ళు అడిగిన కూలి ఇవ్వండి. బద్దలు చీలుస్తూ కత్తి ఎటు తిప్పాలో, కణుపు దగ్గర ఎందుకు ఆగాలో వాళ్ళు చూపిస్తుంటే పిల్లలు నేర్చుకునేది మన ఉపన్యాసంతో రాదు. వాళ్ళను గురువులుగా కూర్చోబెట్టి పరిచయం చేయాలి, సామాను తెచ్చిచ్చే మనుషులుగా కాదు.

మోయడానికి వీలైన చిన్న తొట్టెలకు కొలతలివి. కింది అంతస్తు 40 సెంటీమీటర్ల చదరం, 30 ఎత్తు. దాని మీద 25 చదరం, 25 ఎత్తుతో రెండోది. పైన 30 సెంటీమీటర్ల బద్దలు నాలుగు కలిపి గోపురం. మొత్తం ఎత్తు 80 దాకా వస్తుంది. సెంటీమీటరు వెడల్పు, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న బద్ద, తరుగుతో కలిపి, ఒక్కో తొట్టెలకు 15 మీటర్లు పడుతుంది. ఇంతకన్నా పెంచాలని పెద్దవాళ్ళే ఉత్సాహపడతారు, ఒప్పుకోవద్దు. మన సందుల్లో కేబుల్ తీగలు ఎంత కిందకు వేలాడుతున్నాయో ఒకసారి తలెత్తి చూడండి. వెదురు తడిస్తే దానిలోంచీ కరెంటు పాకుతుంది, ఇనుము అయితే ఇంకా తేలిగ్గా. కాబట్టి తొట్టెలలో ఇనుప తీగ, చువ్వ అసలే వాడకూడదు, పైకెత్తి పట్టుకోవడమూ వద్దు.

బద్దలను ముందురోజు రాత్రి నీళ్ళలో నానబెట్టండి. ఎండు బద్ద వంచగానే కణుపు దగ్గర పగులుతుంది, చేతిలో ముల్లు దిగుతుంది. అంచులను గరుకు కాగితంతో రుద్దించాకే పిల్లల చేతికివ్వాలి. నున్నని పెచ్చు వైపు బయటికి ఉండాలి. మూలల్లో నూలు దారంతో అడ్డంగా నాలుగు చుట్లు, నిలువుగా నాలుగు చుట్లు తిప్పి, రెండు బద్దల మధ్యలోంచి రెండు చుట్లు బిగించి ముడి వేయాలి. ఆఖరి చుట్లు ఎగ్గొడితే కట్టు వదులవుతుంది. ముడి మీద ఫెవికాల్ చుక్క వేసి ఒక రాత్రి వదిలేయండి.

ఎక్కువ తొట్టెలు చెడేది ఇక్కడే: నాలుగు పక్కలూ కట్టి, ఐమూల బద్దలు మర్చిపోతారు. చదరం కాస్తా పక్కకు ఒరిగిపోతుంది. ప్రతి పక్కకూ ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఒక బద్ద కట్టాలి. కట్టే ముందు రెండు ఐమూలలూ దారంతో కొలిచి చూడండి. రెండు కొలతలూ సమానమైతేనే చదరం సరిగ్గా ఉన్నట్టు. రెండో అంతస్తు కూర్చోడానికి కింది దాని పైన రెండు అడ్డ బద్దలు వేయడం కూడా మరవొద్దు.

జిగురుకు 100 గ్రాముల మైదాను ముందు 150 మిల్లీలీటర్ల చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. ఇంకో 600 మిల్లీలీటర్లు మరిగించి, మంట తగ్గించి, ఈ జారును సన్నగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. తెల్లగా ఉన్నది కాస్త అద్దంలా మెరిసే రంగుకు రావాలి, అయిదారు నిమిషాలు పడుతుంది. పచ్చిగా దించితే అంటదు. బయట పెడితే మర్నాటికే పులుస్తుంది, అందుకని ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు కొందరిలో ఉంది. అది విషం, పిల్లలున్న చోట వద్దు.

తొట్టెలకు పతంగి కాగితం ఆరేడు తావులు సరిపోతాయి. ధూల్‌పేట పతంగుల దుకాణాల్లో రంగులన్నీ దొరుకుతాయి, బేగంబజార్‌లో అయితే మెరుపు కాగితం, అంచులు కూడా ఒకేచోట తీసుకోవచ్చు. కాగితం కోసేటప్పుడు చుట్టూ రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచండి. జిగురు బద్దకే పూయాలి, కాగితానికి కాదు. కాగితానికి పూస్తే అది సాగి, ముడతలతో ఆరుతుంది. పని నడిచేటప్పుడు ఫ్యాన్లు ఆపేయాల్సి వస్తుంది, అందుకే ఇది కూడా పొద్దున పూటే పెట్టుకోవాలి.

అంటించి ఆరాక కాగితం కాస్త వదులుగానే కనిపిస్తుంది. గాబరా పడొద్దు. పిచికారీ సీసాతో రెండడుగుల దూరం నుంచి సన్నని మంచులా ఒక్కసారి నీళ్ళు చల్లి, నీడలో పెట్టండి. ఆరుతున్న కొద్దీ కాగితం లాక్కుని, గోటితో మీటితే టప్‌మనే దాకా బిగుస్తుంది. బొట్లు బొట్లుగా పడితే మాత్రం ఎరుపు పక్కనున్న పసుపులోకి దిగిపోతుంది. కాబట్టి జాలీ కత్తిరింపులు, మెరుపు అంచులు, కుచ్చులు ఈ బిగింపు అయ్యాకే అంటించాలి. థర్మాకోల్ తేలిగ్గా ఉంటుందని చూడొద్దు. గాలికి ముక్కలై కాలువలో చేరేది అదే.

బోనం కుండ

అమ్మవారికి నైవేద్యం మోసే కుండకు రంగు డబ్బా తగలకూడదు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, వేపమండ, అంతే. పిల్లలు రంగులతో ఆడుకోవాలంటే వాళ్ళకు చిన్న గురుగులు వేరే ఇవ్వండి. అవి గేటు దగ్గర అలంకారానికి బాగుంటాయి.

కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, చప్పగా మోగితే ఎక్కడో పగులుంది. కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్ళలో ముంచి ఉంచండి. పొడి కుండకు పసుపు పూస్తే మట్టి ఆ తడినంతా పీల్చేసి, పొద్దునకల్లా పసుపు పెచ్చులుగా రాలుతుంది. పైన తడి ఆరి, చేతికి చల్లగా తగులుతున్నప్పుడే పూయాలి. ఎనిమిది అంగుళాల కుండకు సుమారు 30 గ్రాముల పసుపు, తడపడానికి నీళ్ళకు బదులు చిక్కటి గంజి. గంజి వల్లే పసుపు వేలికి అంటకుండా నిలుస్తుంది.

పసుపు మీద తెల్ల చుక్కలు పెట్టాలని కొందరు సున్నం ముంచుతారు. పెట్టిన కాసేపటికే చుక్క చుట్టూ ఎర్రటి వలయం లేచి, తెలుపంతా కలిసిపోతుంది. పసుపుకు సున్నం తగిలితే పారాణి అవుతుంది కదా, అదే ఇక్కడా జరిగేది. తెలుపు కావాలంటే బియ్యప్పిండి ముద్ద వాడండి. ఎరుపు కావాలనుకున్న చోట సున్నం పెట్టించి, ఎందుకు మారిందో పిల్లలనే చెప్పమనండి. ఆ పూటంతా కుండ దగ్గరి నుంచి కదలరు.

మోసే సాధన కూడా నేర్పాల్సిందే. నెత్తిన చుట్టకుదురు పెట్టి, కుండలో కిలో బియ్యం పోసి, హాల్లో పది రౌండ్లు నడిపించండి. చూపు ఎదురుగా, అడుగు చిన్నగా. మూకుట్లో దీపం పెద్దవాళ్ళ బోనం మీదే వెలగాలి. వేపమండలు దీపానికి జానెడు కిందకు కట్టాలి, చున్నీని వెనక్కి తీసి నడుముకు బిగించాలి.

డప్పు

డప్పు నేర్పడానికి డప్పు కళాకారులే రావాలి. పండగ రోజు ఊరేగింపుకు ఎంత ఇస్తారో, నేర్పే రోజులకూ అదే లెక్కన ఇవ్వండి. కాలనీ సంబరమే కదా అని ఊరికే రమ్మనడం అన్యాయం.

ఒక గురువుకు పది మంది పిల్లలకు మించొద్దు. మొదటి నాలుగు రోజులు డప్పు ముట్టకుండా, అట్టముక్క మీద చేతులతోనే దెబ్బ వేయించాలి. ఆ తర్వాత కుడి చేతికి సిర్ర (పొట్టి, లావు కర్ర), ఎడమ చేతికి సిటికెన పుల్ల (సన్నని, పొడవాటి పుల్ల). పిల్లలు బలమంతా సిర్రతో చూపిస్తారు, సిటికెన పుల్ల ఆగిపోతుంది, లయ పోతుంది. ఎడమ చేతిని విడిగా సాధన చేయించడమే దీనికి మందు. తోలు చెమ్మగిల్లితే మోత మందగిస్తుంది. వేసవిలో ఇరవై నిమిషాల ఎండ చాలు, ఆషాఢంలో మంట మీద కాచాల్సి వస్తుంది. అది గురువు చేతి పని. మంట ఎక్కువైతే తోలు చిట్లుతుంది. సాధన మూసిన సెల్లార్‌లో పెట్టొద్దు, చెవులు దిబ్బడేస్తాయి. రాత్రి పది దాటాక ఎలాగూ మోత ఉండకూడదు.

ఊరేగింపు ముందు ఆదివారం ఖాళీ కుండలతో, తొట్టెలతో అసలు దారిలోనే ఒకసారి నడవండి. ఎక్కడ తీగ కిందకుందో, ఎక్కడ మ్యాన్‌హోల్ మూత కదులుతోందో అప్పుడే తెలుస్తుంది. పండగ రోజు సంచిలో ఉండాల్సినవి: ప్రతి తొట్టెలకూ ఒక పెద్ద పారదర్శక ప్లాస్టిక్ కవరు, నూలు దారం, కత్తెర, విడి బద్దలు నాలుగు, అదే రంగుల కాగితం ముక్కలు, ఆ పొద్దున కాచిన జిగురు చిన్న డబ్బాలో. చినుకు మొదలవగానే కవరు పైనుంచి తొడిగి కింద దారం చుట్టేయండి. తడిశాక తొడిగితే లోపల ఆవిరి పట్టి రంగు ఇంకా త్వరగా దిగుతుంది.

సమర్పించిన తొట్టెలు ఎక్కడ పెట్టాలో గుడి వాళ్ళను ముందే అడిగి ఉంచండి. వెదురు, నూలు, కాగితం మట్టిలో కలిసిపోతాయి. మెరుపు కాగితం అంచులను మాత్రం విడిగా పీకి చెత్తబండికి ఇవ్వాలి.