ధర అదే, సరుకు తక్కువ: కొనే ముందు ఏం చూడాలి

ధర పెరిగితే అందరికీ వెంటనే తెలుస్తుంది. ప్యాకెట్‌లో సరుకు తగ్గితే చాలామంది గమనించరు. దీనికి ష్రింక్‌ఫ్లేషన్ అని పేరు. బ్రిటన్ జాతీయ గణాంక సంస్థ 2012 జనవరి నుంచి 2017 జూన్ వరకు వెనక్కి వెళ్లి లెక్క తీస్తే, పరిమాణం తగ్గిన ఉత్పత్తులు 2,529 తేలాయి. పెరిగినవి 614.

నేను కొన్నేళ్లు ప్యాకేజింగ్ డిజైన్‌లో పని చేశాను. అట్టపెట్టెలకీ ప్లాస్టిక్ సీసాలకీ కొలతలు గీయడం నా పని. ఎదురుగా నిలబడి చూస్తే పాతదానిలాగే ఉండాలి, లోపల మాత్రం పది శాతం తగ్గాలి: ఇలాంటి పని మా టేబుల్ మీదికి రావడం మామూలే. అందుకే ఇప్పుడు షాపులో ఏ సీసా తీసినా ముందు తలకిందులు చేసి అడుగు చూస్తాను. పక్కనున్నవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

కన్ను ఎక్కడ పడదో డిజైనర్‌కి బాగా తెలుసు. ఎత్తు, వెడల్పు తగ్గిస్తే షెల్ఫ్‌లో పక్కవాటితో పోల్చి కనిపెట్టేస్తారు. మందం తగ్గిస్తే ఎవరూ చూడరు. 5 సెంటీమీటర్ల మందమున్న డబ్బాని 4.5 చేస్తే చాలు, పది శాతం పోయినట్టే. మూడు వైపులా తలా 3 శాతం కోస్తే కంటికి ఆనదు, కానీ లోపలి చోటు దాదాపు 9 శాతం తగ్గుతుంది. గుండ్రటి సీసా వ్యాసం 5 శాతం తగ్గితే, ఎత్తు అలాగే ఉన్నా, పట్టే ద్రవం దాదాపు 10 శాతం తగ్గుతుంది. ఇక సీసా అడుగున లోపలికి నొక్కిన గుంట, నడుము దగ్గర "పట్టుకోవడానికి వీలుగా" చేసిన నొక్కు, సీసా పొడవు తగ్గినా మొత్తం ఎత్తు తగ్గకుండా చేసే పొడవాటి మూత... ఇవన్నీ చూడదగ్గ చోట్లు. టిష్యూ రోల్ అయితే మధ్యలో ఉన్న అట్ట గొట్టం లావైందేమో, షీట్ వెడల్పు తగ్గిందేమో, షీట్ల సంఖ్య ఎంతో చూడండి. రోల్ బయటి సైజు ఏమీ చెప్పదు, వదులుగా చుట్టినా లావుగానే కనిపిస్తుంది.

డబ్బా సగం ఖాళీగా ఉందని ప్రతిసారీ మోసం అనుకోనక్కర్లేదు. పొడి సరుకు లారీలో కుదుపులకి కిందికి దిగుతుంది. చిక్కగా మార్చిన డిటర్జెంట్ తక్కువ పరిమాణంలో అంతే పని చేయవచ్చు. డబ్బా మీద రాసిన నికర పరిమాణం ఒక్కటే నమ్మదగ్గది. అది వెనకవైపు ఏ మూలన సన్నగా ఉన్నా వెతికి చదవాలి.

ఇప్పుడు లెక్క. ధర మారకుండా 500 గ్రాములు 450 అయితే, పది శాతమే కదా అనిపిస్తుంది. మీ జేబు వైపు నుంచి చూస్తే అది 11 శాతం ధర పెంపు. 100 నుంచి 80కి దిగితే 25 శాతం. 200 నుంచి 150కి దిగితే 33 శాతం. పద్ధతి తేలిక: ఎంత తగ్గిందో దాన్ని కొత్త పరిమాణంతో భాగించాలి. పాతదానితో భాగిస్తే నష్టం తక్కువగా కనిపిస్తుంది. ధర కూడా కొంచెం తగ్గించి పరిమాణం ఇంకా ఎక్కువ తగ్గించే ఎత్తు ఒకటుంది, దాన్ని నోటితో లెక్కపెట్టలేం. ఫోన్ తీసి ధరని గ్రాములతో భాగించండి, పాతదానికీ కొత్తదానికీ. రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఇంకేమీ చూడక్కర్లేదు.

ఇలా భాగిస్తే వచ్చే అంకెనే యూనిట్ ధర అంటారు. యూరోపియన్ యూనియన్ 1998లో తెచ్చిన నిబంధన ప్రకారం అక్కడి షాపుల్లో దీన్ని చూపించాలి. మీరు కొనే చోట షెల్ఫ్ ట్యాగ్ మీద ఉంటే మంచిదే, కానీ రెండు ట్యాగ్‌లు ఒకే కొలతలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకదానికి 100 గ్రాములకి, ఇంకోదానికి కిలోకి, మూడోదానికి "ఒక్కో పీస్‌కి" అని రాసి ఉంటే పోలిక కుదరదు. ద్రవాల్లో ఇంకో చిక్కుంది. నూనె నీటికంటే తేలిక. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు మాత్రమే. అంటే ఒక లీటరు సీసా, ఒక కిలో సీసా ఒకే ధరకి ఉంటే కిలో సీసాలో దాదాపు పదోవంతు ఎక్కువ వస్తుంది. చూడ్డానికి అవి రెండూ ఒకటే అనిపిస్తాయి.

పెద్ద ప్యాక్ చవక అని కళ్లు మూసుకుని తీసుకోవడం నాకు నచ్చదు. ఎక్కువసార్లు నిజమే కానీ, మధ్య సైజు మీద ఆఫర్ ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. ఆఫర్ల సంగతి కూడా చెప్పాలి. "20 శాతం అదనం" అంటే ధర 20 శాతం తగ్గినట్టు కాదు, దాదాపు 17 శాతమే తగ్గినట్టు. పైగా ఒకప్పుడు 600 గ్రాములున్న ప్యాక్‌ని 500 చేసి, కొన్నాళ్ల తర్వాత 20 శాతం అదనమంటూ మళ్లీ 600 ఇస్తే మనకి కొత్తగా వచ్చిందేముంది?

బరువు తగ్గించకుండా నాణ్యత పలచన చేయడం ఇంకా కనిపించని దారి. కూర్పు జాబితాలో పదార్థాలు సాధారణంగా ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాస్తారు. మూడో చోట ఉండే నీళ్లు మొదటి చోటికి వచ్చాయంటే సీసా అదే, లోపల సరుకు వేరే. డిటర్జెంట్ మీద ఎన్ని ఉతుకులకి వస్తుందో రాస్తే దాన్ని బట్టి పోల్చండి, మిల్లీలీటర్లని బట్టి కాదు. అలాగే కొలత మూతలో గీత వరకే పోయండి. చాలా మూతలు అవసరమైన మోతాదు కంటే పెద్దవి, నిండా పోస్తే సరుకు త్వరగా అయిపోతుంది.

ఇవన్నీ చేయాలంటే పాత అంకె తెలియాలి. ధర గుర్తుంటుంది కానీ, పోయిన నెల కొన్న షాంపూ 180 మిల్లీలీటర్లా 200లా అని ఎవరికి గుర్తుంటుంది? నెలనెలా కొనే వస్తువుల్లో ఎక్కువ ఖర్చయ్యే పదీ పన్నెండింటికి వెనక లేబుల్ ఫొటో తీసి ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. అన్నిటికీ చేయబోతే విసుగొచ్చి మానేస్తారు. ఏడాదికోసారి కొనే వస్తువుకి ఈ శ్రమ దండగ. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు పాత బిల్లులు డౌన్‌లోడ్ చేసుకోవాలి. వస్తువు పేజీలో ఫొటో, పరిమాణం మారిపోవచ్చు, పాత బిల్లులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. "కొత్త లుక్", "కొత్త ప్యాక్" అని కనిపిస్తే ఫోల్డర్ తెరవాల్సిన సమయం అదే.

రాసిన దానికంటే లోపల తక్కువ ఉందని అనుమానమైతే అది వేరే సంగతి. 450 అని రాసి 450 ఇవ్వడం చాలా చోట్ల చట్టబద్ధం, 500 అని రాసి 450 ఇవ్వడం నేరం. కాటా మీద తూచి, ఖాళీ ప్యాకెట్ బరువు తీసేయండి. అయితే ఒక్క ప్యాకెట్‌తో గొడవకి దిగకండి. అంతర్జాతీయంగా చాలా దేశాలు పాటించే నియమంలో 500 నుంచి 1000 గ్రాముల ప్యాక్ ఒక్కోటి 15 గ్రాముల దాకా తగ్గినా ఒప్పుకుంటారు, సగటు మాత్రం తగ్గకూడదు. సబ్బు లాంటివి నిలవున్నకొద్దీ తేమ ఆరి తేలికవుతాయి కూడా. అదే బ్యాచ్‌వి నాలుగైదు తూచినా అన్నీ బాగా తక్కువే వస్తే, బ్యాచ్ నంబర్, బిల్లు, కాటా మీద ప్యాకెట్ ఉన్న ఫొటోతో తూనికలు కొలతల అధికారులకి రాయండి. బిల్లు కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మీద అరిస్తే ఉపయోగం లేదు, ప్యాక్ చేసింది ఆవిడ కాదు.

చట్టబద్ధంగా తగ్గించినప్పుడు ఏం చేయాలంటే, పాత లేబుల్, కొత్త లేబుల్ ఫొటోలు రెండూ కలిపి కంపెనీకి ఒక మెయిల్ పంపండి. పరిమాణం ఎందుకు తగ్గిందో, ధర ఎందుకు తగ్గలేదో రెండు వాక్యాల్లో అడగండి. ఫ్రాన్స్‌లో 2024 జులై 1 నుంచి 400 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు, ఇలా తగ్గి యూనిట్ ధర పెరిగిన సరుకు పక్కన ఆ సంగతి రాసి రెండు నెలలు ఉంచాలి. అలాంటి నియమం లేనిచోట ఆ బోర్డు పని మన ఫోల్డరే చేయాలి. జవాబు నచ్చకపోతే యూనిట్ ధర తక్కువున్న ఇంకో బ్రాండ్‌కి మారండి, దాని లేబుల్ ఫొటో కూడా ఆ రోజే తీసి పెట్టుకోండి.