చిన్న రొమాంటిక్ కామెడీని సజెస్ట్ చేస్తే అవతలివాళ్లు నిజంగా చూడాలంటే ఎలా చెప్పాలి

ఎవరికీ తెలియని మంచి సినిమా ఒకటి దొరకగానే గ్రూపులో లింక్ పడేసి, హిడెన్ జెమ్, మస్ట్ వాచ్ అని రాసేస్తాం, నలుగురు థంబ్స్ అప్ పెడతారు, ఒక్కరూ చూడరు. పెద్ద సినిమాకైతే హీరో పేరు చెప్తే సరిపోద్ది, చిన్నదానికి ఆ హీరో లేడు కాబట్టి లాగే పని మన మాటలే చెయ్యాలి.

ఉదాహరణకి రై లేన్ తీసుకోండి. 2023లో వచ్చిన బ్రిటిష్ సినిమా, డైరెక్టర్ రెయిన్ అలెన్ మిల్లర్‌కి ఇదే మొదటి ఫీచర్ ఫిల్మ్, ఫస్ట్ షో అమెరికాలో జరిగే సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పడింది. ఇవన్నీ నిజమే గానీ ఇలా మొదలుపెట్టారంటే అయిపోయినట్టే, ఫెస్టివల్ అన్న మాట చెవిన పడగానే సగం మంది అమ్మో స్లో సినిమా అని ఫిక్సయిపోతారు.

దానికి బదులు ఒక్క సీన్ చెప్పండి, అదీ సినిమా మొదట్లోది. బ్రేకప్ అయిన డామ్ అనే కుర్రాడు ఫ్రెండ్ ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి వచ్చి, లోపలికి పోయి టాయిలెట్ తలుపేసుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటాడు, అది ఆడా మగా అందరూ వాడే టాయిలెట్, అక్కడికి వచ్చిన యాస్ అనే అమ్మాయి లోపల ఎవరో ఏడుస్తున్నారని పలకరిస్తుంది, మొహం కనపడదు, తలుపు కింద నుంచి పింక్ కలర్ కన్వర్స్ షూస్ మాత్రం కనిపిస్తాయి. కాసేపటికి బయట ఆ షూస్ చూసి ఓహో వీడేనా అని పట్టేస్తుంది. అంతే, ఇక్కడ ఆపెయ్యాలి, తర్వాతేంటి అని వాళ్లు అడిగితే మీ పని సగం అయిపోయినట్టే.

అడగలేదనుకోండి, రెండో సీన్ చెప్పండి: డామ్ తన ఎక్స్‌ని కలవడానికి రెస్టారెంట్‌కి వెళ్తాడు, ఆ అమ్మాయి పక్కన కూర్చున్నది ఇతని బెస్ట్ ఫ్రెండే, సరిగ్గా అప్పుడు యాస్ వచ్చి నేను ఇతని గర్ల్‌ఫ్రెండ్‌ని అన్నట్టు కూర్చుంటుంది. దీనికీ కదలకపోతే ఈ సినిమా వాళ్లకి కాదు, వదిలెయ్యండి. మూడో సీన్ మాత్రం చెప్పొద్దు ప్లీజ్, ముఖ్యంగా ఒక పెద్ద స్టార్ తిండి అమ్ముతూ ఒక్క క్షణం కనిపించి మాయమయ్యే చోటు, ఎవరో నేనూ చెప్పను.

నిడివి తప్పకుండా చెప్పండి, అసలు సగం మందిని ఒప్పించేది అదే. 82 నిమిషాలు, గంటన్నర కూడా లేదు, ఆఫీసు నుంచి వచ్చి అలసిపోయిన రోజైనా చూసెయ్యొచ్చు.

ఏం లేదో కూడా ముందే చెప్పెయ్యాలి, చాలామంది ఇక్కడ దాచేస్తారు, తర్వాత తిట్లు తింటారు. ఇందులో పెద్ద ట్విస్టుల్లేవు, కథ ఎక్కువ భాగం ఒక్క రోజులోనే, ఇద్దరూ సౌత్ లండన్‌లో పెక్‌హమ్, బ్రిక్స్‌టన్ వీధుల్లో తిరుగుతూ మాట్లాడుకోవడమే, కాకపోతే ఆ మాటలు భలే ఉంటాయి, రంగులు చూస్తే కళ్లు తిప్పుకోలేం. లండన్ స్లాంగ్ గట్టిగానే ఉంటది కాబట్టి సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోమనండి. బూతులు, ఆ టైపు జోకులు కూడా ఉన్నాయి, అమ్మానాన్నలతో కూర్చుని చూస్తే రిమోట్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఎవరికి చెప్తున్నామన్నది కూడా ఉంది. నిన్నగాక మొన్న బ్రేకప్ అయినవాళ్లకి వెంటనే ఇవ్వకండి, హీరో ఏడుపు చూసి వీళ్లూ మొదలెడతారు, కాస్త తేరుకుని ఎక్స్ మీద జోకులేసే స్టేజికి వచ్చాక ఇవ్వండి, అప్పుడు పడీపడీ నవ్వుతారు. లవ్ స్టోరీలంటేనే చిరాకు అనేవాళ్లకి రొమాంటిక్ అన్న మాటే ఎత్తకుండా, ఇద్దరు ఎక్స్‌ల బాధితులు ఊరంతా తిరిగే కామెడీ అని చెప్పండి, అబద్ధం కూడా కాదు.

చెప్పే ముందు వాళ్లుండే దేశంలో ఏ యాప్‌లో ఉందో చూసి పేరుతో సహా పంపండి, వెతుక్కోమంటే ఎవరూ వెతకరు. పంపాక చూశావా చూశావా అని వెంటపడొద్దు, పక్కన కూర్చుని చూస్తుంటే నవ్వారా లేదా అని వాళ్ల మొహం వంక అస్సలు చూడొద్దు. సగంలో ఆపేస్తే ఎక్కడ ఆపారో మాత్రం అడగండి, అది తెలిస్తే నెక్స్ట్ టైమ్ వాళ్లకి ఏది పంపాలో మీకే అర్థమవుద్ది.